బుట్టలో దగ్గు

వాన వెలిసి రెండు రోజులు ఎండ కాసిందంటే, మూడోరోజు పొద్దున్నే ఆ ఇంటి వంటగది తలుపు ముందు నలుగురైదుగురు నిలబడి ఉండేవారు. ఎవరి సంచి వాళ్ళ చేతిలో, ఎవరి పుట్టగొడుగులు వాళ్ళ సంచిలో. ఊరిని ఆనుకునే అడవి. ఆ అడవిలో కమ్మగా తినే గొడుగులూ ఉన్నాయి, తిన్నవాళ్ళని మళ్ళీ మంచం దిగనివ్వనివీ ఉన్నాయి. ఏది ఏదో తేల్చుకోకుండా పొయ్యి ఎక్కించే ధైర్యం ఊళ్ళో ఎవరికీ లేదు.

వంటగదిలో ఒక బల్ల, బల్ల మీద ముదురాకుపచ్చ రెక్సిన్ గుడ్డ, దాని మీద పిడికి తీగ చుట్టిన పాత పేము బుట్ట. బల్ల వెనక కుర్చీలో ఇంటావిడ. వచ్చినవాళ్ళు గొడుగులను ఒక్కొక్కటిగా బుట్టలో పెట్టాలి. మంచిదైతే బుట్ట ఊరుకుంటుంది. చెడ్డదైతే దగ్గుతుంది. రెండు పొడిదగ్గులు, ఆ తర్వాత గొంతు సవరించుకున్నట్టు ఒక చిన్న "హుఁ".

అది ఆవిడ భర్త దగ్గు. ఆయన ఇరవై ఎనిమిదేళ్ళు కలప కోసే మిల్లులో పనిచేసి, రంపపు పొట్టంతా ఊపిరితిత్తుల్లో నింపుకున్నాడు. మిల్లు మానేశాక అడవి పట్టుకు తిరిగి, ఊరికి గొడుగులు గుర్తుపట్టి చెప్పే పెద్దాయన అయ్యాడు. చెడ్డది కనపడితే మాట కన్నా ముందు దగ్గే వచ్చేది ఆయనకి. మూడేళ్ళ కిందట వానాకాలంలోనే పోయాడు. పోయిన నెల్లాళ్ళకి తపాలా బంట్రోతు అలవాటు కొద్దీ సంచి పట్టుకొచ్చి, ఎవరికి చూపించాలో తోచక ఒక గొడుగు తీసి ఆయన బుట్టలో పెట్టాడు. బుట్ట దగ్గింది. "మావయ్య వద్దంటున్నాడు" అని, తీసి అవతల పారేసి, రెండోది పెట్టాడు. మర్నాటి నుంచి అందరూ మామూలుగా రావడం మొదలుపెట్టారు.

ఆ పొద్దున కూడా బంట్రోతుదే మొదటి వంతు.

"ఏంటత్తా, ఈ వారంలో ఇది మూడోది. మావయ్యకి నామీద ఏమైనా కోపమా?"

"ఆయన ఉత్తరాలు నాలుగేసి రోజులు సంచిలో ఉంచుకుని తెచ్చేవాడివిగా. మర్చిపోతాడేంటి?"

"అలాగైతే మంచివాటికి కూడా దగ్గాలిగా మరి."

"కోపం ఉంటుంది గానీ అన్యాయం ఉండదు ఆయన దగ్గర. తీసి బక్కెట్లో వెయ్యి. తర్వాతెవరు?"

తర్వాత దర్జీ. ఎప్పుడూ మిగిలిపోయిన గుడ్డపేలికలో మూటకట్టి తెస్తాడు. చూపించుకున్నవాళ్ళు వెళ్తూ వెళ్తూ ఒక గొడుగు బల్ల మీద పెట్టి వెళ్ళడం అలవాటు. దాన్ని పెద్దాయన వాటా అంటారు. ఇంట్లో ఎవరూ లేకపోయినా తలుపు తీసే ఉంటుంది కాబట్టి, తొందరున్నవాళ్ళు తామే వచ్చి, చూసుకుని, వాటా పెట్టి వెళ్ళిపోతుంటారు.

ఆవిడకి మాత్రం గొడుగుల సంగతి ఏమీ తెలీదు. ఏళ్ళ తరబడి ఆయన తెచ్చాడు, ఆవిడ కడిగి వండింది. నేర్చుకున్నది కూతురు. పదేళ్ళప్పుడే నాన్న వెనకాల అడవికి వెళ్ళేది.

ఆయన నేర్పిన పద్ధతి కష్టమైనదేం కాదు, ఓపిక ఉండాలంతే. ఆ అడవిలో ఒకేలా కనిపించే తెల్ల గొడుగులు రెండు రకాలున్నాయి. తినేదాన్ని అక్క అనీ, చంపేదాన్ని చెల్లి అనీ అంటారు. పైనుంచి చూస్తే ఇద్దరూ ఒకరే. తిరగేసి చూడాలి. గొడుగు కింద పుస్తకం కాయితాల్లా సన్నటి రేకులుంటాయి. అక్క రేకులు లేత గులాబీగా మొదలై, ముదిరేకొద్దీ గోధుమరంగుకి తిరుగుతాయి. చెల్లి రేకులు పుట్టినప్పుడూ తెలుపే, చచ్చేటప్పుడూ తెలుపే. కాడ మీద ఉంగరం ఇద్దరికీ ఉంటుంది కాబట్టి దాన్ని నమ్మకూడదు. వాసన చూడాలి. పాదం చూడాలి. చెల్లి కాడ కింద మట్టిలో చిన్న గిన్నెలాంటిది ఉంటుంది, గుడ్డుపెంకు పగిలి అందులోంచి లేచినట్టు. అసలైన గుర్తు అదే. అది కనపడాలంటే వేళ్ళు మట్టిలోకి దించి, పాదంతో సహా పెకలించి తేవాలి. అప్పటికీ అనుమానం తీరకపోతే గొడుగుని బోర్లా పెట్టి కొన్ని గంటలు ఆగితే, రేకుల్లోంచి రాలిన పొడి రంగు చెబుతుంది.

"అన్నీ కుదిరి ఒక్కటి కుదరకపోయినా, ఏదీ కుదరనట్టే" అనేవాడు ఆయన.

దర్జీతో ఆయనకి ఎప్పుడూ ఇదే తగువు. దర్జీ దేన్నైనా కత్తెరతోనే కత్తిరిస్తాడు, గొడుగుల్ని కూడా. కాడని గొడుగు మొదట్లో చక్కగా అడ్డంగా కత్తిరించి, మట్టి అంటకుండా తెచ్చేవాడు. "ఒరే, మెడ దాకా కోసుకొచ్చి ఎవరో చెప్పమంటావేంట్రా? నీ దగ్గరికి ఒట్టి కాలరు తెచ్చి చొక్కా ఎవరిదో చెప్పమంటే చెబుతావా?" అని ఆయన తిప్పి పంపేసేవాడు. బుట్ట వచ్చాక ఆ బాధ తప్పింది. బుట్టకి పాదాలక్కర్లేదు.

మధ్యాహ్నం అందరూ వెళ్ళాక ఆవిడ చేసే పని ఒకటుంది. అది ఎవరికీ తెలీదు.

బక్కెట్లో వేసిన చెడ్డవాటిని పెరట్లో గొయ్యి తీసి పూడ్చేముందు, ఒక చెల్లిగొడుగుని పక్కన పెట్టుకుంటుంది. కుర్చీ బల్ల దగ్గరికి లాక్కుంటుంది.

"పంపు కారుతోంది. బాగుచేసేవాడు వాషరు మార్చాలంటున్నాడు" అని, గొడుగుని బుట్టలో పెడుతుంది.

రెండు పొడిదగ్గులు. హుఁ.

"నేనూ అదే అనుకున్నా."

తీస్తుంది. కాసేపాగి మళ్ళీ పెడుతుంది. "అమ్మాయి చిక్కిపోయిందండీ. అడిగితే ఏం లేదంటుంది."

హుఁ.

ఆయన బతికుండగా ఆ దగ్గంటే ఆవిడకి విసుగు. ఒకసారి ముఖం చిట్లించుకుని, "ఆ దగ్గేదో వసారాలోకి వెళ్ళి దగ్గకూడదూ" అంది. ఆయన నిజంగానే లేచి వసారాలోకి వెళ్ళి, దగ్గి, తలుపు దగ్గరగా వేసి లోపలికొచ్చాడు. ఆ తర్వాత చివరిదాకా, చలైనా వానైనా, దగ్గొస్తే లేచి బయటికే వెళ్ళేవాడు. గొడుగులు చూడడం కూడా వసారాలోకే మార్చుకున్నాడు. ఇంకెప్పుడూ వెళ్ళమని ఆవిడ అనలేదు. వెళ్ళొద్దని కూడా అనలేదు. 

ఇప్పుడు లోపలే దగ్గుతున్నాడు. మొదట వారానికొకసారి వినేది. తర్వాత రోజూ. ఆ తర్వాత రోజుకి ఎన్నిసార్లో ఆవిడే చూసుకోలేదు.

దగ్గు సన్నబడసాగింది. బంట్రోతు బుట్టకి చెవి ఆనించి, "ఎవరూ మాట్లాడకండయ్యా, మావయ్య ఏదో అంటున్నాడు" అని వెనకవాళ్ళని కసరాల్సి వస్తోంది.

కూతురు పక్క ఊళ్ళో మందుల దుకాణంలో పనిచేస్తుంది. ఆదివారం తొమ్మిది గంటల బస్సుకి వచ్చి, సాయంత్రం వెళ్ళిపోతుంది. ఆ ఆదివారం వచ్చి, కిటికీలో ఉన్న గాజుసీసా చూసింది. సీసాలో తడి నాచు, నాచులో వాడకుండా ఒక తెల్లగొడుగు.

"ఇది చెల్లి కదమ్మా? కిటికీలో ఏం చేస్తోంది?"

"పారెయ్యడం మర్చిపోయానే."

"తడి నాచు చుట్టి మరీ మర్చిపోయావా?"

కూతురు దాన్ని తీసి బుట్టలో పెట్టి, వంగి చూసింది. గోడ అవతల ఎవరో దగ్గినట్టు వచ్చింది, అంతే. వెంటనే తీసేసింది.

"నాన్నని రోజుకి ఎన్నిసార్లు పిలుస్తున్నావు?"

"ఏమో."

"ఊరందరికీ ఉన్నది ఈ ఒక్క గొంతేనమ్మా. ఎవరో ఒకరు నిజంగా చెల్లిని తెచ్చిన రోజు ఇది పలక్కపోతే?"

"పలుకుతాడులే. ఎందుకు పలకడు?"

కూతురు చేతులు కడుక్కుని, బడిలో కూర్చోబెట్టినట్టు తల్లిని బల్ల ముందు కూర్చోబెట్టింది. ఒక అక్కనీ ఒక చెల్లినీ కాడలు తీసేసి, రెక్సిన్ గుడ్డ మీద బోర్లించి, గాజుగ్లాసులు మూత పెట్టింది. మధ్యాహ్నం తర్వాత గ్లాసులు ఎత్తింది. ఒకదాని కింద బండిచక్రం ఆకుల్లా నడుమ నుంచి చుట్టూ పరుచుకున్న గోధుమరంగు గీతలు. రెండోదాని కింద అవే గీతలు, పిండి చల్లినట్టు తెల్లగా.

"తెల్ల కాయితం మీద పెడితే ఈ తెల్లది కనపడేది కాదు. అందుకే నాన్న బల్లకి ముదురు గుడ్డే వేయించాడు."

ఆవిడ ఆ గుడ్డకేసి చూసింది. ఎన్నో ఏళ్ళుగా రోజుకి మూడుసార్లు తుడుస్తున్న గుడ్డ. కొనేటప్పుడు పూలది కావాలని పట్టుబట్టింది. ఆయన ఏమీ చెప్పకుండా ఇదే తెచ్చాడని రెండు రోజులు మాట్లాడలేదు కూడా.

"ఇప్పుడు చెప్పు. ఏది ఎవరు?"

"నాకు బుర్రకెక్కడం లేదే."

"ఎక్కుతోంది. నువ్వే ఎక్కనివ్వడం లేదు."

"నేర్చేసుకుంటే మీ నాన్నతో నాకు పనేముంటుంది?" అంది ఆవిడ, గ్లాసులు కడగడానికి లేస్తూ.

కూతురు చాలాసేపు బుట్ట పిడికి చుట్టిన తీగని వేలితో తిప్పుతూ కూర్చుంది. చివరికి, "వచ్చే ఆదివారం దీన్ని నాతో తీసుకెళ్తానమ్మా. అలమరలో పెడతాను. ఎటూ తేలని రోజున తీద్దాం. ఈ వారం ఊళ్ళోవాళ్ళ గొడుగులే చూడు, నీ కోసం మాత్రం నాన్నని పిలవకు" అంది.

ఆ వారం ఆవిడ పిలవలేదు. శనివారం సాయంత్రం దాకా ఆగింది. అది చివరి సాయంత్రం అనేసరికి ఇక ఆగలేకపోయింది. చెల్లిగొడుగుని బుట్టలో పెట్టింది. ఈసారి తియ్యలేదు.

దగ్గు వస్తూనే ఉంది. ఆవిడ చెబుతూనే ఉంది. పంపు సంగతి, పైకప్పు రేకు సంగతి, అమ్మాయి బుట్ట పట్టుకుపోతానంటున్న సంగతి. మధ్యమధ్యలో హుఁ. బయట వెలుతురు తగ్గేకొద్దీ దగ్గుకీ దగ్గుకీ మధ్య ఎడం పెరిగింది.

"వసారాలోకి పొమ్మన్నాను చూశారూ, ఆ మాట..." అని ఆగింది. "అప్పుడేదో చిరాకులో అన్నానండీ. మీరు నిజంగా వెళ్తారని అనుకోలేదు."

చాలాసేపటికి ఒక్క దగ్గు వచ్చింది. దాని వెనక హుఁ రాలేదు. ఇంకాసేపు చూసి, నిద్రపట్టిందేమోననుకుని, గొడుగు తీసి సీసాలో పెట్టి, బుట్ట మీద తువ్వాలు కప్పింది.

ఆదివారం పొద్దున ఎనిమిదింటికే బస్సు ఆగే చోటికి వెళ్ళింది. ఇంకొక్క వారం ఉంచవే అని దారిలోనే అడుగుదామని. తొమ్మిదైంది, పదైంది. బస్సు ఎక్కడో ఆగిపోయిందట. బెంచీ మీద పదకొండున్నర దాకా కూర్చుని, ఎండ నెత్తికెక్కాక ఇంటికి బయల్దేరింది.

వంటగదిలోకి వచ్చేసరికి బుట్ట మీది తువ్వాలు నాలుగంచులూ కలిపి, ఇస్త్రీ చేసినట్టు మడతపెట్టి ఉంది. పక్కన నీలం గుడ్డపేలిక. ఆ పక్కన పెద్దాయన వాటా, ఒక పెద్ద తెల్లగొడుగు, బల్లకి అతుక్కున్నట్టు బోర్లా కూర్చుని ఉంది.

దర్జీ వచ్చి వెళ్ళాడన్నమాట అనుకుని, కడుగుదామని గొడుగుని ఎత్తింది.

కింద ముదురాకుపచ్చ మీద తెల్లటి గీతలు. పల్చగా ఉన్నాయి గానీ, చక్రం ఆకుల్లా ఒక్కొక్కటీ విడివిడిగా కనిపిస్తున్నాయి.

గొడుగుని తిరగేసింది. రేకులు తెలుపు. కాడ అడ్డంగా, మెడ దాకా కత్తిరించేసి ఉంది. పాదం లేదు. ముక్కు దగ్గర పెట్టుకుంది. బుర్రకి ఎక్కలేదనుకున్నదంతా ఎక్కే ఉందని అప్పుడు తెలిసింది.

దాన్ని బుట్టలో పెట్టింది. బుట్ట ఊరుకుంది. సీసాలోంచి తన చెల్లిగొడుగుని తీసి దాని పక్కనే పెట్టింది. ఊరుకుంది. బుట్టని రెండు చేతులా పట్టుకుని కుదిపింది.

"ఏవండీ."

పేము కిర్రుమంది, అంతే.

పొద్దున్న దర్జీ ఒక్కొక్కటే పెట్టినప్పుడూ ఇలాగే ఊరుకుని ఉంటుంది. ఆ మౌనాన్ని సరే అనుకుని మూట కట్టుకుని వెళ్ళి ఉంటాడు. గడియారం చూస్తే పన్నెండు కావస్తోంది. అందరి ఇళ్ళలోనూ కంచాలు పెట్టుకునే వేళ.

చెప్పులు వేసుకుందో లేదో కూడా చూసుకోకుండా పరుగెత్తింది. దర్జీ ఇల్లు రెండు వీధుల అవతల, నీళ్ళ ట్యాంకు వెనక. ఆ వయసుకి అది చాలా దూరం. కొట్టు షట్టరు దించి ఉంది. ఆదివారం కుట్టిన బట్టలు ఇళ్ళకి ఇవ్వడానికి వెళ్తాడు. ఇంట్లో ఉండేది వాళ్ళమ్మ ఒక్కతే. ఆమెకి ఇరవై ఏళ్ళుగా చెవులు వినపడవు. ఎవరొచ్చినా తెలీదు కాబట్టి లోపల గడియ పెట్టుకుంటుంది.

తలుపు దబదబా బాదింది. ఎవరికి వినపడుతుంది? సందులోకి తిరిగి, పక్క కిటికీ ఊచలు పట్టుకుంది.

లోపల ఆ ముసలామె కంచం ముందు కూర్చుని ఉంది. కంచంలో వేయించిన గొడుగు ముక్కలు. చేతిలో చెంచా. కిటికీలో నీడ పడేసరికి తలెత్తి, ముఖమంతా నవ్వు చేసుకుంది.

"నువ్వా! ఏంటా ఆయాసం? వాడింకా రాలేదు. ఆకలాగక, ముందే కూర్చున్నా. తిందువుగాని, ఉండు, గడియ తీస్తా. ఈ ముక్క నోట్లో వేసుకుని లేస్తా."

"వద్దు వదినా! వద్దు, తినొద్దు!" అని ఆవిడ అరుస్తూ చెయ్యి అడ్డంగా ఊపింది.

"మొహమాటం దేనికి? మీ బుట్ట సరేనన్నవే ఇవి" అంటూ ముసలామె చెంచా పైకెత్తింది.

ఇంకోసారి అరవబోతే ఆవిడకి ఊపిరి అందలేదు. ఊచలు పట్టుకుని ముందుకి వంగింది. గొంతులోంచి మాట రాలేదు. దగ్గొచ్చింది.

రెండు పొడిదగ్గులు. భుజాలు రెండుసార్లు ఎగిరాయి. ఎడమచెయ్యి దానంతటదే రొమ్ము మీదికి వెళ్ళింది. ముఖం కుడిపక్కకి తిరిగింది, ఎదుటివాళ్ళ గొడుగుల మీద తుంపర పడకుండా ఆయన తిప్పుకునేవాడే, అలాగ. తర్వాత గెడ్డం కొంచెం పైకి లేచింది. హుఁ.

ముసలామెకి ఏమీ వినపడలేదు. కానీ ఆయన బతికుండగా ఆమె ప్రతి వానాకాలమూ సంచి పట్టుకెళ్ళి ఆయన ఎదుట నిలబడేది. వినపడదు కాబట్టి భుజాలకేసి చూసేది. భుజాలు కదలకపోతే తెచ్చుకునేది, కదిలితే పారేసేది.

చెంచా పెదాల దగ్గర ఆగింది. ఆమె ఆ భుజాలకేసి చూసింది. చెంచా కంచంలో పెట్టేసి, కంచాన్ని మెల్లగా అవతలికి జరిపింది. తర్వాత అడిగింది:

"మీ ఆయన ఎప్పుడొచ్చాడు?"

దర్జీ వచ్చేసరికి వాళ్ళిద్దరూ గుమ్మంలో కూర్చుని ఉన్నారు, చెయ్యీ చెయ్యీ పట్టుకుని. సంగతి విని అతను కంచం వైపూ తల్లి వైపూ మార్చి మార్చి చూశాడు.

"బుట్ట ఊరుకుంది అత్తా. ఒక్కొక్కటే పెట్టాను. ఒట్టు."

"నీ తప్పు కాదు నాయనా. దాని గొంతంతా నేనే వాడేసుకున్నాను."

"అంటే మావయ్య ఇంక దగ్గడా?"

ఆవిడ తల అడ్డంగా ఊపింది. అతను కత్తెర తీసి పక్కన పెట్టి, పార పట్టుకుని పెరట్లోకి వెళ్ళి, మోకాలి లోతు గొయ్యి తవ్వాడు. గొడుగుల్నీ, వాటిని వేయించిన మూకుణ్ణీ కూడా అందులోనే పూడ్చేశాడు.

కూతురు రెండింటికి వచ్చింది. తల్లి ముఖం చూసి, బుట్ట దగ్గరికెళ్ళి, అందులో ఉన్న రెండు చెల్లిగొడుగుల్నీ తీసి, మళ్ళీ పెట్టి చెవి ఆనించింది. ఒక చెవి, తర్వాత రెండో చెవి. ఒక్క మాట కూడా అనలేదు. అంటే బాగుండుననిపించింది ఆవిడకి.

"ఇంక తీసుకెళ్ళక్కర్లేదే" అంది ఆవిడే. "ఆ పాదం సంగతి ఇంకోసారి చెప్పు."

ఇప్పుడు కూడా వానలు వెలిసిన మూడోరోజున ఆ తలుపు ముందు నలుగురైదుగురు ఉంటారు. ఆవిడ కళ్ళజోడు పెట్టుకుని, ఒక్కొక్కటే తిరగేసి, రేకులు చూసి, వాసన చూసి, పాదం మట్టి వేలితో తుడిచి చూస్తుంది. తేలకపోతే గ్లాసు బోర్లించి సాయంత్రం రమ్మంటుంది. "మావయ్య నయం అత్తా, దగ్గి వదిలేసేవాడు. నువ్వు క్లాసు పీకుతున్నావు" అంటాడు బంట్రోతు. దర్జీ పాదాలతో సహా, మట్టితో సహా తెస్తాడు. కత్తెర ఇంట్లోనే పెట్టి వస్తాడు.

ఆ దగ్గు మళ్ళీ రాలేదు. బుట్టలోంచీ రాలేదు, ఆవిడ గొంతులోంచీ రాలేదు. కొన్ని మధ్యాహ్నాలు ప్రయత్నించింది కూడా. పంపు బాగుచేయించానని చెప్పి, భుజాలు ఎగరేసి, ముఖం కుడిపక్కకి తిప్పి. వచ్చింది ఎవరో ముసలావిడ దగ్గు. బుట్టలో ఉల్లిపాయలు పోసింది.

అప్పుడప్పుడు సాయంత్రాలు దర్జీ వాళ్ళమ్మ దగ్గరికి వెళ్తుంది. ఆమె కిటికీలో నీడ చూసి, తలుపు తీసి, ఆవిడని లోపలికి రమ్మని, వెంటనే గడియ పెట్టదు. వీధిలోకి తొంగిచూస్తూ, తలుపు పట్టుకుని కాసేపు అలాగే నిలబడుతుంది, వెనకాల ఇంకొకరు రావలసి ఉన్నట్టు. ఆవిడ కూడా, ఎవరూ లేరు వదినా, వేసెయ్యి అని సైగ చెయ్యదు.